స్కాటు కట్టిన ఇల్లు

ఐవన్‌హో, కెనిల్‌వర్తు, టాలిస్మన్ మున్నగు నవలలను వ్రాసిన సర్ వాల్టర్ స్కాటు పేరు మన పాఠశాలలకు క్రొత్తది కాదు. తెలుగున నవలారచనకు పేరుగాంచిన చిలకమర్తి లక్ష్మీనరసింహము గారిని ఆంధ్ర స్కాటు అని పిలుచుటను బట్టియే ఆ పేరునకు మన దేశమున ఎంత గౌరవముండెనో తెలియగలదు. చారిత్రక నవలకు అతడు మార్గదర్శి యని ఐరోపా యంతయు ఒప్పుకొన్నది. కాని స్కాటు తన నవలలను చూచికొని గర్వించుటకంటె, ట్వీడు నది యొడ్డున తాను కట్టించిన ఇంటిని చూచికొని ఎక్కువగా గర్వించెను. నవలలు సాధనములు, ఇల్లు సాధ్యము. నవలలపై పండ్రెండేండ్లకు పైగా తన పేరైనను వేసికొనలేదు. ఇంటి కప్పుమీద మాత్రము తన పూర్వుల వంశచిహ్నములను రంగులతో చిత్రింపజేసెను. ఈ వైపరీత్యము అర్థము కావలెనన్న అతని జీవితమును అతడు కాపురమున్న ఇండ్ల వెంట నడచి చూడవలెను.

స్కాటు 1771వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమున జన్మించెను. తండ్రి న్యాయవాద వృత్తిలో నుండెను; తల్లి వైద్యశాస్త్రాచార్యుని కుమార్తె. వారి కాపురము విశ్వవిద్యాలయము చెంత ఒక ఇరుకు సందులో నుండెను. గాలియు వెలుతురును చొరని ఆ సందులో స్కాటునకు ముందు పుట్టిన బిడ్డలలో ఆరుగురు పసితనముననే కన్నుమూసిరి. అతడు పుట్టిన కొలదికాలమునకు తండ్రి ఆ చోటు విడిచి, జార్జి స్క్వేర్ అను విశాలమైన పేటలో మంచి ఇంటికి మారెను. అటుపిమ్మట పిల్లలు బ్రతుకసాగిరి. ఇంటికిని మనుష్యుని ఆయువునకును గల సంబంధము ఆ కుటుంబమునకు పుస్తకములు చదివి తెలిసినది కాదు.

పదునెనిమిది నెలల వయస్సున జ్వరము తగిలి బాలుని కుడికాలు చచ్చుపడెను. పల్లెగాలి మేలు చేయునని అతనిని ఇంగ్లండు సరిహద్దు ప్రాంతమున సాండీనౌ అనుచోట నున్న తాతగారి పొలమునకు పంపిరి. పొలము ప్రక్కనే రాతిగుట్టపై పాడుపడిన కోటబురుజొకటి నిలిచియుండెను. ఎండ కాయునాడు గొఱ్ఱెల కాపరి పిల్లవానిని ఎత్తుకొని పోయి పచ్చికపై పరుండబెట్టెడివాడు. చలికాలపు రాత్రులందు నాయనమ్మయు మేనత్తయు సరిహద్దు వీరుల కథలను, పశువులను తోలుకొనిపోయిన దొంగల కథలను చెప్పెడివారు. స్కాటు నవలలకు విత్తనములు అచ్చటనే పడెను.

ఐతే ఆ పొలము తాతగారిది కాదు. హార్డెన్ స్కాటులను పెద్దవంశమువారి కడ ఆయన కౌలుదారు. తామును ఆ వంశమున ఒక చిన్నకొమ్మయే యను ఎఱుక మాత్రము ఇంటిల్లిపాదికిని ఉండెను. నాయనమ్మ పుట్టింటివైపున డ్రైబరో అను గ్రామమున ఒక ఆస్తి యుండెడిది. అది స్కాటు తండ్రికి రావలసినది. దానిని అనుభవించుచుండిన బంధువు వ్యాపారమున చితికిపోయి అమ్ముకొనెను. ఆ భూమిలోనున్న శిథిల మఠమున తమ వారిని పాతిపెట్టుకొను హక్కు తప్ప ఆ కుటుంబమునకు మఱేమియు మిగులలేదు. అయ్యది తమది కావలసినదని చిన్ననాటినుండియు వినుచు పెరిగిన పిల్లవానికి భూమిపై ఎట్టి చూపు ఏర్పడునో ఊహించుట కష్టము కాదు.

అందులోను అది స్కాట్లండు. అచ్చట భూమి గలవానిని జనులు వాని పేరుతో గాక వాని భూమి పేరుతో పిలిచెడివారు. అట్టివానికి లెయర్డు అని పేరు. 1832వ సంవత్సరపు సంస్కరణ చట్టమునకు పూర్వము అచ్చటి పరగణాలలో పార్లమెంటు సభ్యుని ఎన్నుకొను హక్కు సైతము కొద్దిమంది భూస్వాములదే. న్యాయవాది ఎంత ఆర్జించినను, కవి ఎంత కీర్తి గడించినను, సొంత మన్ను లేనివాడు పెద్దమనుష్యులలో వెనుక వరుసవాడే. ఈ భావము మన పల్లెలకును తెలియనిది కాదు.

స్కాటు న్యాయశాస్త్రము చదివి 1792లో న్యాయవాది యయ్యెను. యౌవనమున విలియమీనా బెల్‌షెస్ అను గొప్పయింటి కన్యను ప్రేమించి కొన్నియేండ్లు ఆశతో నిరీక్షించెను. ఆమె 1797లో విలియం ఫోర్బ్సు అను ధనికుడైన బ్యాంకరును వివాహమాడెను. ఈ ఫోర్బ్సు కథలో మరల వచ్చును. ఆ సంవత్సరాంతమున స్కాటు చార్లొట్ కార్పెంటరు అను ఫ్రెంచి సంతతి యువతిని పెండ్లాడెను. ఆమె సోదరుడు మన సేలములో ఈస్టిండియా కంపెనీ వాణిజ్యోద్యోగిగా నుండి, సోదరికి ఏటేట సొమ్ము పంపుచుండెడివాడు. నూతన దంపతుల సంసారమున సేలము డబ్బునకు ముఖ్యమైన పాలుండెను.

వారు నగరమునకు ఆరుమైళ్ల దూరమున లాస్‌వేడు గ్రామమున ఒక పూరికప్పు కుటీరమును అద్దెకు తీసికొని ఆరు వేసవులు అందు గడపిరి. స్కాటు తన చేతితో భోజనపు బల్లయొకటి చేసెను. వాకిట రెండు చెట్ల కొమ్మలను వంచి కట్టి తోరణమువంటి ద్వారమును నిలిపెను. పని ముగిసిన రాత్రి భార్యాభర్తలు వెన్నెలలో నిలిచి దానిని చూచి మురిసిపోయిరి. ముప్పదియేండ్ల అనంతరము ఆ దారిని పోవునప్పుడు సైతము ఆ ద్వారము అతనికి జ్ఞప్తికి వచ్చుచుండెడిదట. అద్దెయింటి వాకిట రెండు కొమ్మల ద్వారము! తరువాత వేలకొలది పౌనులు పోసి కట్టిన సింహద్వారము ఏదియు అతనికి అంతకు మించిన ఆనందమిచ్చెనని చెప్పుటకు ఆధారము లేదు.

1799లో స్కాటు సెల్‌కర్కు పరగణాకు షెరీఫుగా నియమితుడయ్యెను. ఏటికి మూడువందల పౌనుల జీతము. షెరీఫు తన పరగణాలో కొన్ని నెలలైనను నివసింపవలెనని పైయధికారి పట్టుపట్టగా, 1804లో ఆషెస్టీలు అను ఇంటిని కౌలునకు తీసికొనెను. దాని యజమాని స్కాటునకు బంధువు. అప్పటికి ఇండియాలో నుండెను. అడవులు, ట్వీడు నది, వేటకుక్కలు, గుఱ్ఱములు, నలుగురు పిల్లలు — ఆషెస్టీలు కాపురము స్కాటు జీవితమున మిక్కిలి నిశ్చింతయైన కాలము. ఆఖరి గాయకుని గీతము, మార్మియను, సరోవర కన్య యను కావ్యములు ఆ కాలమునందే వెలువడి అతనిని దేశమున అగ్రకవిగా నిలిపెను. మార్మియనునకు ప్రకాశకుడగు కాన్‌స్టబుల్ గ్రంథమును చూడకయే వేయి గినీలు ఇచ్చెను. 1810లో అచ్చయిన సరోవర కన్య ఏడాది తిరుగకముందే ఇరువదివేల ప్రతులు అమ్ముడుపోయెను.

1804లోనే మఱియొక సంగతి జరిగినది. పినతండ్రి యొకడు మరణించుచు స్కాటునకు కెల్సో పట్టణము చెంత ఒక ఇంటిని విడిచిపోయెను. స్కాటు దానిని ఐదువేల పౌనులకు అమ్మివేసెను. ఆ సొమ్ముతో యారో నదీతీరమున బ్రాడ్‌మెడోస్ అను చిన్న ఎస్టేటును కొనవలెనని మొదట తలంచెను. కొనియున్నచో కథ వేరుగ నుండెడిది. కాని అతడు చిన్ననాటి సహపాఠి జేమ్సు బాలన్‌టైన్ నడుపుచున్న ముద్రణాలయమున భాగస్వామిగ చేరి, ధనమును అందు పెట్టెను. షెరీఫు పదవిలో నున్న పెద్దమనిషి వర్తకము చేయుట గౌరవభంగమని ఆ భాగస్వామ్యమును రహస్యముగ నుంచెను. అంతస్తు కొరకే భూమిని కోరినవాడు, అంతస్తు కొరకే వర్తకమును దాచెను. ఆ దాచిన వర్తకమే భూమిని మ్రింగ వచ్చినది.

1811 నాటికి ఆషెస్టీలు కౌలు ముగియవచ్చెను. మెల్‌రోజు పట్టణమునకు సమీపమున ట్వీడు తీరమునందలి నూటపది యెకరముల పొలమును ఒక మతబోధకుడు అమ్మజూపెను. పొలము పేరు కార్ట్‌లీ హోల్; దానిలోని మురికిమడుగును చూచి చుట్టుప్రక్కలవారు ఆ పేరును బురదగుంట యను అర్థము వచ్చునట్లు మార్చి పిలుచుచుండిరి. చెట్లు అరుదైన బీడునేల, చిన్న పెంకుటిల్లు, ఒక కొట్టము. వెల సుమారు నాలుగువేల పౌనులు. స్కాటు చేత ఆ సొమ్ము లేదు. సగము అన్నగారి కడ అప్పు తెచ్చెను. తక్కిన సగమును రోక్‌బీ అను కావ్యముపై బాలన్‌టైనులు సమకూర్చిరి. ఆ కావ్యమున అప్పటికి ఒక్క పాదమైనను వ్రాయబడలేదు.

పూర్వము మెల్‌రోజు మఠాధిపతులు అచ్చటనే నదిని దాటెడివారని తెలిసికొని స్కాటు ఆ చోటునకు మఠాధిపతి రేవు అను అర్థమిచ్చు అబట్స్‌ఫర్డు అను పేరు పెట్టెను. 1812 మే నెలలో కాపురము మార్చిరి. ఇరువదికి పైగా బండ్లు. వానిపై మంచములతోపాటు పాత కత్తులు, డాలులు, బల్లెములు. ఒక పూర్వవీరుని శిరస్త్రాణములో టర్కీ కోడిపిల్లలు. దారిపొడవునను జనులు వింతగ చూచిరి.

ఆ చిన్నయింటిలో చాలకాలము ఒక్కటే పెద్ద గది. భోజనము, అతిథులు, పిల్లల చదువు అన్నియు అందే. నదివైపు కిటికీ కడ స్కాటు వ్రాతబల్ల నుంచుకొని, తన వెనుక ఒక పాత మంచపుతెరను మేకులతో బిగించెను. తెర కావల పిల్లల అల్లరి, గోడ కావల తాపీవారి సుత్తిదెబ్బలు. తెర కీవల రోక్‌బీ. ఆ యింటి వెలకు ఆ కావ్యమును ఆ యింటిలోనే కూర్చుండి వ్రాసెను.

రోక్‌బీ 1813లో వెలువడునప్పటికి బైరను కీర్తి లోకమును ముంచెత్తుచుండెను. స్కాటు పద్యమునకు గిరాకీ తగ్గెను. అతడు వెనుకాడక వచనమునకు మరలి 1814లో వేవర్లీ అను నవలను పేరు లేకుండ ప్రకటించెను. న్యాయస్థానమున ఉన్నతోద్యోగి నవలలు వ్రాయుట తగదను సంకోచము ఇందును కొంత కలదు. పండ్రెండేండ్లలో ఇరువదికి పైగా నవలలు వచ్చెను. ధనము ప్రవాహముగ వచ్చెను. అట్లే మన్నుగ మారెను. ఇతడు కోరుచున్నాడని తెలిసిన ఇరుగుపొరుగు రైతులు వెలలు పెంచిరి, అతడు బేరమాడలేదు. ఒక్క టాఫ్ట్‌ఫీల్డు అను పొలమునకే పదివేల పౌనులు ఇచ్చెను. నూటపది యెకరములు పదునాలుగువందల యెకరములయ్యెను.

ఇక్కడ ఒక మాట న్యాయముగ చెప్పవలెను. స్కాటు ఆనందము పత్రములలోని హద్దులను చూచికొనుటలో లేదు. బీడుపై చెట్లు నాటుటలో నుండెను. టామ్ పర్డీ అను ఒక దొంగవేటగాడు పూర్వము షెరీఫుగారి యెదుటికి నేరస్థుడుగ వచ్చెను. తన బీదతనమును పనిలేమిని హాస్యముతో చెప్పుకొనగా షెరీఫు అతనిని విడిచిపెట్టి పనిలో పెట్టుకొనెను. ఆ టామ్ పర్డీ కాపరియై, తోటమేస్త్రియై, చివరకు ఆప్తుడయ్యెను. ఇద్దరును గొడ్డళ్లు భుజమున వేసికొని మొక్కల నడుమ తిరుగుచు ఏ కొమ్మ నరుకవలెనో వాదించుకొనెడివారు. ఆ కుంటికాలి మనుష్యునకు అంతకు మించిన వినోదము లేదు. 1829లో టామ్ మరణింపగా స్కాటు మెల్‌రోజు మఠమున సమాధిశిల నిలిపి గౌరవించెను.

ఇల్లు మాత్రము వేరు త్రోవ పట్టినది. 1822లో పాత పెంకుటింటిని పడగొట్టి, 1824 నాటికి బురుజులతో కోటవంటి సౌధమును పూర్తిచేయించెను. ఎడింబరోలోని పాత కారాగారమును పడగొట్టగా దాని ద్వారమును తెచ్చి గోడలో ఇమిడించెను. లోపల కవచములు, ఖడ్గములు, రాబ్ రాయ్ తుపాకి. గ్రంథాలయమున వేలకొలది సంపుటములు. వెలుతురునకు గ్యాసు దీపములు. అవి ఆనాటికి నగరములలో సైతము క్రొత్తవి. హాలు కప్పుపై స్కాటు వంశవృక్షమును తెలుపు చిహ్నములను డాలులుగ చిత్రింపించిరి. తల్లివైపు పూర్వులలో కొందరి వివరము దొరకక కొన్ని డాలులను ఖాళీగ విడువవలసి వచ్చినది. పాతవంశమువాడను పేరు కొరకు క్రొత్తగ కట్టిన ఇల్లది.

1820లో రాజు స్కాటునకు బారనెట్ బిరుదమిచ్చెను. సర్ వాల్టర్ అయ్యెను. అది వంశపారంపర్యముగ పెద్దకుమారునికి దక్కు బిరుదము. అబట్స్‌ఫర్డునకు అతిథులు కుప్పలుతెప్పలుగ వచ్చిరి. అమెరికా రచయిత వాషింగ్టన్ ఇర్వింగు, ఐర్లండు నవలాకారిణి మరియా ఎడ్జివర్తు మొదలగువారు వచ్చి గడపిన దినములు ప్రసిద్ధములు. పరిచయపత్రములతో వచ్చినవారు కొందరు, ఏ పత్రమును లేక వచ్చినవారు కొందరు. ఇంటియజమాని తెల్లవాఱకముందే లేచి, ఫలాహారమునకు ముందే ఆనాటి వ్రాత ముగించి, తక్కిన దినమంతయు అతిథులతో తిరుగుచుండెను. ఈయన వ్రాయునదెప్పుడని వారు ఆశ్చర్యపడుచుండిరి. ఆ అతిథిసత్కారమంతయు ఆ ఉదయపు వ్రాతపైననే నడచుచుండెను.

ఇల్లు పోగొట్టుకొనుట యన్నది స్కాటు నవలలలో పదేపదే వచ్చు ఇతివృత్తము. గై మానరింగులో పూర్వుల ఎస్టేటు వేలమునకు వచ్చును. అపహృతుడైన వారసుడు ఇండియాలో సైనికుడుగ నుండి మరలి వచ్చును. ఆంటిక్వరీలో ఒక బారనెట్ ఇంట అప్పులవారి బంట్రోతులు చొచ్చి సామానులకు పట్టిక వ్రాయుదురు. లామర్‌మూర్ వధువులో పితృగృహము న్యాయవాది పాలు కాగా కొడుకు పాడుబురుజున బ్రతుకును. వీనిని వ్రాసినపుడు ఆ రచయిత తన ఇల్లు కట్టుచుండెను. చేతికి తెలిసినది మనస్సు ఒప్పుకొనలేదేమో.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మనవారందురు. స్కాటు ఆ రెండింటిని ఒక్క నెల వ్యవధిలో చేసెను. 1825 జనవరి 7వ తేదీన అబట్స్‌ఫర్డున గొప్ప నృత్యోత్సవము జరిగినది. క్రొత్తగదుల తలుపులన్నియు తెరచి దీపములు వెలిగించిరి. ఫిబ్రవరి 3వ తేదీన పెద్దకుమారుడు వాల్టరు జేన్ జాబ్సను అను సంపన్నురాలిని వివాహమాడెను. పెండ్లి ఒడంబడికలో స్కాటు అబట్స్‌ఫర్డు ఎస్టేటును కుమారునిపేర వ్రాసియిచ్చి, తాను జీవించియున్నంతవఱకు అనుభవించు హక్కును మాత్రము నిలుపుకొనెను. కట్టిన యిల్లు పూర్తియైన మరుక్షణముననే చట్టప్రకారము తనది కాకపోయెను. ఆ వ్రాత తరువాత అతనిని రక్షించినది. అతనిపై నింద కూడ తెచ్చినది.

పతనమునకు కారణము హుండీలు. రాబోవు నవలల కొరకు కాన్‌స్టబుల్ స్కాటునకు హుండీలిచ్చుచుండెను. వానికి ప్రతిగా బాలన్‌టైన్ ముద్రణాలయము కాన్‌స్టబులునకు హామీ హుండీలు ఇచ్చుచుండెను. అవసరమునుబట్టి రెండువిధముల హుండీలును బజారునకు పోయెను. అందుచే ఒకే అప్పు రెండుగ మారెను. 1825 చివర లండనున బ్యాంకుల సంక్షోభము పుట్టినది. కాన్‌స్టబులుతో ముడిపడిన లండను పుస్తకసంస్థ కూలెను. దానితో కాన్‌స్టబులు, అతనితో బాలన్‌టైను, అతనితో రహస్య భాగస్వామి స్కాటు. 1826 జనవరి నడుమ ఆ వార్త వచ్చినది. స్కాటుపై పడిన ఋణము లక్షా ఇరువదివేల పౌనులకు దగ్గఱ. కాన్‌స్టబులును నిలువబెట్టుటకు కొలదిదినముల ముందే అబట్స్‌ఫర్డుపై పదివేలు తాకట్టు తెచ్చియుండెను, అవియును పోయెను.

దివాలా తీసి చేతులు దులుపుకొనుటకు చట్టమున దారి యుండెను. పెద్ద మొత్తములు ఇచ్చి ఆదుకొందుమని ముందుకు వచ్చినవారుండిరి. స్కాటు రెండింటిని కాదనెను. తన కలము సంపాదించునదంతయు అప్పులవారికే చెందునట్లు ధర్మకర్తల పేర పత్రము వ్రాసియిచ్చి, గడువు మాత్రము కోరెను. అప్పటికతని వయస్సు ఏబదినాలుగు. ఎడింబరోలో ఇరువదియేండ్లకు పైగా కాపురమున్న కాసిల్ వీథి యింటిని అమ్మివేసిరి. అబట్స్‌ఫర్డు కుమారుని పేరనున్నది. ఋణదాతలలో కొందరు ఆ వ్రాతను కోర్టులో ప్రశ్నింపవలెనని యోచించిరి. వారి యనుమానము అకారణమని చెప్పలేము. ఒడంబడిక వ్రాసినపుడు స్కాటు తన హుండీల నిజస్థితి నెఱుగడని అతని జీవితచరిత్రకారులలో చాలమంది నమ్మిరి. ఐనను తెలిసికొనవలసినవాడు తెలిసికొనకపోవుట దోషము కాదనలేము. తుదకు వారు అతనిని అద్దె లేకుండ ఆ యింట నుండనిచ్చి, ఉద్యోగపు జీతమును అతనికి విడిచిరి.

ఆ వసంతమున భార్య మంచముపట్టెను. కోర్టు పని వదలరాదు, సెలవు లేదు. మే 11వ తేదీన స్కాటు ఆమెను అబట్స్‌ఫర్డున విడిచి నగరమునకు పోయి, నార్త్ సెయింట్ డేవిడ్ వీథిలో ఒక అద్దెగదిలో దిగెను. సౌధములు కట్టిన బారనెట్ నల్లులతో వేగిన గది యది. 15వ తేదీన చార్లొట్ మరణించెను. వార్త అందుకొని మరలివచ్చిన భర్తకు ఇల్లంతయు శూన్యమయ్యెను. లాస్‌వేడు వాకిట వెన్నెలలో నిలిచిన ఇద్దరిలో ఒకరు పోయిరి.

అటుపిమ్మట స్కాటు చేసిన శ్రమ సాహిత్యచరిత్రలో అరుదు. వార్త వచ్చిన వారమునందే వుడ్‌స్టాకు నవలలో అధ్యాయములు వ్రాయుచుండెను. అది ఎనిమిదివేల పౌనులు తెచ్చినది. తొమ్మిది సంపుటముల నెపోలియను చరిత్ర 1827లో వెలువడి పదునెనిమిదివేలు తెచ్చినది. రెండేండ్లలో దాదాపు నలువదివేల పౌనులు అప్పులవారికి ముట్టెను. 1827 ఫిబ్రవరిలో ఎడింబరోలో జరిగిన నటుల సహాయనిధి విందులో, వేవర్లీ నవలల కర్త తానేయని బహిరంగముగ ఒప్పుకొనెను. ఇక దాచవలసిన అంతస్తు మిగులలేదు.

ఆ యేడే లండనునందలి ఒక ఋణదాత తక్కినవారితో కలిసిరాక చెరసాలకు పంపుదునని పట్టుపట్టెను. ఎడింబరోలో హోలీరూడ్ మఠపు ఆవరణమున ప్రవేశించిన ఋణగ్రస్తుని పట్టుకొనరాదను పాతనియమము ఆనాడు ఉండెను. స్కాటు అబట్స్‌ఫర్డు విడిచి అచ్చటికి పోవ సిద్ధపడెను. అంతలో ఆ బాకీ ఎట్లో తీరిపోయెను. తీర్చినవాడు సర్ విలియం ఫోర్బ్సు. యౌవనమున స్కాటు కోరిన కన్యను వివాహమాడిన ఆ బ్యాంకరే. రెండువేల పౌనులకు దగ్గఱ సొమ్మును తన జేబునుండి రహస్యముగ ఇచ్చెను. 1828లో ఫోర్బ్సు మరణించువఱకు ఆ సంగతి స్కాటునకు తెలియలేదు.

1830లో స్కాటునకు పక్షవాతము తొలిసారి తగిలెను. ఆ డిసెంబరున ఋణదాతల సభ కూడి అబట్స్‌ఫర్డులోని గ్రంథములను, సామానులను, వెండిని అతనికి కానుకగ తిరిగి యిచ్చెను. తన పుస్తకములు తనకు దానముగ వచ్చినందుకు అతడు పసిబిడ్డవలె సంతోషించెను. కొనినపుడు కలిగిన సంతోషముకంటె అది తక్కువది కాదు.

వైద్యుల సలహాపై 1831 అక్టోబరులో ప్రభుత్వమువారు సమకూర్చిన యుద్ధనౌకలో మాల్టాకును, నేపుల్సుకును పయనమయ్యెను. మనస్సు చెదరుచుండెను. అప్పులన్నియు తీరిపోయినవను భ్రమ అతనికి కలిగెను. చుట్టునున్నవారెవరును దానిని చెఱుపలేదు. తుదకు ఇంటికి పోవలెనను కోరిక యొక్కటి మిగిలెను. 1832 జూలై 11వ తేదీన తెలివిలేని స్థితిలో బండిలో తెచ్చుచుండగా, సరిహద్దు కొండలు కనబడినంతనే కనులు తెఱచెను. అబట్స్‌ఫర్డు బురుజులు కనబడినంతనే లేచి దుముకబోయెను. ఇంటికడ మిత్రుడు విలియం లెయిడ్‌లా ఎదురువచ్చెను. కుక్కలు కాళ్లచుట్టు మూగెను. తరువాత కొలదిదినములు చక్రముల కుర్చీలో గదిగదియు, తోటయు త్రిప్పుమని కోరుచుండెను. ఒకనాడు వ్రాతబల్ల కడకు చేర్చుమనెను. కూతురు కలమును చేతిలో పెట్టెను. వ్రేళ్లు దానిని పట్టలేకపోయెను. కన్నీరు కారెను. సెప్టెంబరు 21వ తేదీ మధ్యాహ్నము, కిటికీలు తెఱచియుండగా, ట్వీడు నది చప్పుడు వినబడుచుండగా అతడు మరణించెను.

శవమును డ్రైబరోకు కొనిపోయిరి. పితృపితామహుల ఆస్తిలో మిగిలిన ఆ సమాధి హక్కే అతనికి దక్కినది.

అప్పటికి ఇంకను ఏబదివేలకు పైగా ఋణముండెను. జీవిత బీమా సొమ్మును, ప్రకాశకుడగు కాడెల్ ముందుగ ఇచ్చిన ధనమును కలిపి ఋణదాతల అసలు తీర్చిరి. కాడెల్‌నకు బాకీయు, ఇంటి తాకట్టును నిలిచెను. 1847లో కాడెల్ గ్రంథములపై కుటుంబమునకున్న హక్కులను తీసికొని ఆ శేషమును రద్దుచేసెను. ఇంటిపై ఒక్క పౌను అప్పు లేని దినము అట్లు వచ్చినది. ఆ యేడే ఫిబ్రవరిలో రెండవ సర్ వాల్టరు, ఎవని కొరకు ఆ యిల్లు కట్టబడెనో ఆ కుమారుడు, మరణించెను. అతడు సైనికాధికారి, దక్షిణహిందూస్థానమున తన గుఱ్ఱపుదళముతో నుండి, జబ్బుపడి మదరాసునుండి ఓడలో స్వదేశమునకు పోవుచు, ఆఫ్రికా దక్షిణాగ్రము కడ సముద్రముపై కన్నుమూసెను. అబట్స్‌ఫర్డున అతడు కాపురమున్న దినములు కొద్ది. సంతానము లేదు, తమ్ముడు అంతకుముందే పోయెను. బారనెట్ బిరుదము అతనితోనే అంతరించినది.

ఇల్లు మాత్రము స్కాటు పెద్దకూతురు సంతతికి పోయెను. 1833లోనే చూడవచ్చువారికి దాని తలుపులు తెఱచిరి. ఆ యింట నివసించిన వంశీయులలో చివరివారగు జీన్ మాక్స్‌వెల్ స్కాటు 2004లో మరణించిరి. తరువాత ఒక ధర్మసంస్థ దానిని మరమ్మతు చేయించి, 2013లో మరల ప్రజలకు తెఱచినది.